గంటకు రెండు రూపాయల అరవై పైసలు

ముందు ఒక లెక్క. ఈ విషయం మీద మన దగ్గర జాలి మాటలు దండిగా ఉన్నాయి, లెక్కలే లేవు. 2026 జనవరి మొదట్లో జొమాటో స్థాపకుడు దీపిందర్ గోయల్ స్వయంగా బయటపెట్టిన అంకెలివి. 2025లో జొమాటో రైడర్‌కు టిప్పులు కాకుండా గంటకు సగటున 102 రూపాయలు వచ్చాయట. టిప్పుల కింద వచ్చింది గంటకు 2 రూపాయల 60 పైసలు. అంతకు ముందు ఏడు 2 రూపాయల 40 పైసలు. జొమాటోలో నూరు ఆర్డర్లు పడితే టిప్పు వచ్చేది ఐదింటికి. అదే గ్రూపు కిరాణా యాప్ బ్లింకిట్‌లో అయితే అందులో సగం.

ఆయనే ఇంకో లెక్కా చెప్పాడు. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు బండి తోలితే 26,500 రూపాయలు, అందులో పెట్రోలుకూ బండి మరమ్మతుకూ ఇరవై శాతం పోతే చేతికి 21,000 అని. అవే పది గంటలకు, అవే 26 రోజులకు టిప్పు ఎంతో నేను కట్టి చూశాను. నెలకు 676 రూపాయలు. హైదరాబాద్ ధరలో ఆరు లీటర్ల పెట్రోలు. కొంపల్లి, కండ్లకోయ, మేడ్చల్, అలియాబాద్ అంటూ పొద్దంతా తిరిగే బండికి ఆ ఆరు లీటర్లు నాలుగు రోజులు వస్తే గొప్ప.

ఈ ఆరు లీటర్ల చుట్టూ మనం ఇన్నేళ్లుగా ఒక నీతిశాస్త్రం నడుపుతున్నాం. ఇచ్చినవాడు దేవుడు, ఇవ్వనివాడు పిసినారి. వాట్సాప్ గ్రూపుల్లో సూక్తులు, రీళ్లలో కన్నీళ్లు. వానలో తడిసొచ్చిన కుర్రాడి చేతిలో ఐదొందల నోటు పెట్టి, ఆ చేతినీ నోటునీ వీడియో తీసి లోకానికి చూపించే మహానుభావులు. వాళ్ల పుణ్యం వాళ్లది. నేను చెప్పదల్చింది మాత్రం సూటిగా చెప్తాను: కూలి సరిగ్గా ఇవ్వని ఏర్పాటు మీద కప్పిన ముసుగు ఈ యాప్ టిప్పు. ఆ ముసుగుకు బట్ట మన ఇంటి నుంచి పోతోంది.

యాప్ తెరను ఒకసారి నిదానంగా చూడండి. పైన చికెన్ బిర్యానీ ధర. దాని కింద ప్యాకింగ్ చార్జీ, డెలివరీ ఫీజు, ప్లాట్‌ఫారం ఫీజు, వాన పడుతుంటే వాన ఫీజు, ఆపైన జీఎస్టీ. వీటన్నిటి నడుమ మెత్తటి రంగులో ఒక పెట్టె. మీ కోసం ఎండనకా వాననకా వచ్చే మనిషికి కృతజ్ఞత చెప్పండి అన్న ధోరణిలో ఓ వాక్యం. కింద 20, 30, 50. నడిమి అంకె మీద ‘ఎక్కువమంది ఇచ్చేది’ అని చిన్న బిళ్ల. నూటికి ఐదుగురే ఇస్తుంటే ఈ ఎక్కువమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో! ఆ ఐదుగురిలో ఎక్కువమంది అని మనం సర్దుకోవాలి కాబోలు. పక్కనే మరో గడి: రాబోయే ఆర్డర్లకు కూడా ఇదే టిప్పు కలిపేయమంటారా అని. ఎవరి బొటనవేలు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సిగ్గుపడుతుందో కొలిచి మరీ కట్టిన తెర అది. అంత తెలివి పెట్టి కట్టిన తెర మీద ఒక్క పద్దు మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఈ ఆర్డర్ మోసుకొచ్చినందుకు రైడర్‌కు కంపెనీ ఎంత ఇస్తున్నదన్న పద్దు.

అది చెప్పకుండా టిప్పు ఎంతిస్తావని నన్నడగడమేమిటి? తక్కువ ఇస్తున్నారో ఎక్కువ ఇస్తున్నారో తెలియకుండా నేనెంత కలపాలని? దయ చూపించమని అడిగేవాళ్లు అవతలివాడి అవసరం ఎంతో చెప్పాలి. ఇక్కడ అవసరాన్ని దాచిపెట్టి దయను మాత్రం అడుగుతున్నారు.

ప్లాట్‌ఫారం ఫీజు సంగతి చూడండి, మనుషుల ముందూ వెనకా తెలుస్తుంది. స్విగ్గీ దీన్ని 2023 ఏప్రిల్‌లో ఆర్డర్‌కు 2 రూపాయలతో మొదలుపెట్టింది. జొమాటో ఆ ఆగస్టులో అదే 2 రూపాయలతో వెంట నడిచింది. 2024 అక్టోబర్‌కు జొమాటోలో అది 10 అయింది. 2025 సెప్టెంబర్‌కు 12. రెండేళ్లలో ఆరు రెట్లు. ఎవరైనా కృతజ్ఞత పెట్టె పెట్టి అడిగారా ఆ పన్నెండు? నవ్వు బొమ్మ పెట్టారా? ‘ఎక్కువమంది ఇచ్చేది’ అన్నారా? కోసుకున్నారు, అంతే. తమకు రావలసిన చోట ఫీజు, రైడర్‌కు పోవలసిన చోట టిప్పు. తమది హక్కు, అతనిది మన దయ. ఆ ఫీజు ఆరు రెట్లు పెరిగిన కాలంలో టిప్పు ఒక ఏడాదిలో పెరిగింది గంటకు ఇరవై పైసలు. ఇరవై పైసల బిళ్ల ఇప్పుడు చెల్లదు కూడా.

టిప్పులో నూటికి నూరు శాతం రైడర్‌కే చేరుస్తున్నామని గోయల్ గట్టిగా చెప్పుకున్నాడు. నమ్ముదాం. అయినా అందులో కంపెనీ గొప్పేముంది? మన డబ్బు, అతని కష్టం, మధ్యలో చప్పట్లు వీళ్లకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే.

ఇప్పుడు మా వైపు, హైదరాబాద్ ఉత్తర శివారుకు రండి. నగరం నడిబొడ్డున కూర్చుని టిప్పుల మీద చర్చించేవాళ్లకు ఈ శివారు అర్థం కాదు. మాదాపూర్‌లో హోటలుకూ ఇంటికీ మధ్య రెండు సిగ్నళ్లు ఉంటాయి. ఇక్కడ తుంకుంట దాటాక రాజీవ్ రహదారి మీద ఒక చోట దాబా, ఆ తర్వాత చాలాసేపు ప్రహరీ గోడలు, వెంచర్ల బోర్డులు, మళ్లీ ఎక్కడో నాలుగు టవర్లు. అటు జాతీయ రహదారి 44 మీద కొంపల్లి, గుండ్లపోచంపల్లి, కండ్లకోయ, మేడ్చల్. ఇటు హకీంపేట, దేవరయాంజాల్, శామీర్‌పేట, ఇంకా పైకి పోతే తుర్కపల్లి, కొల్తూరు, అంటే కోవాక్జిన్ తయారైన జీనోమ్ వ్యాలీ. నడుమ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ క్యాంపస్, మైసమ్మగూడ కాలేజీల హాస్టళ్లు, చెప్పలేనన్ని గోదాములు. తినేవాళ్లు దూరదూరంగా, వండేవాళ్లు రోడ్డు పొడవునా. ఈ రెండు రోడ్లనూ కలిపేది ఔటర్ రింగ్ రోడ్డు. దాని మీదికి టూవీలర్‌ను ఎక్కనివ్వరు. కార్లవాళ్లు మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పైనుంచి దూసుకుపోతుంటే, మన అన్నం మోసేవాడు కింద సర్వీస్ రోడ్డు మీద లారీల పక్కన, లైట్లు లేని చోట, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టర్లను తప్పించుకుంటూ పోవాలి.

దీనికి తోడు ఎదురు ఖర్చు. కొంపల్లిలో బిర్యానీ ఎత్తుకుని దేవరయాంజాల్‌లో దించినవాడికి దేవరయాంజాల్‌లో తిరుగు ఆర్డర్ ఎక్కడిది? మళ్లీ హోటళ్లున్న దిక్కుకు ఖాళీ సంచితో రావాలి. ఆ రాకకు పెట్రోలు కాలుతుంది, టైరు అరుగుతుంది, గడియారం తిరుగుతుంది. నగర శివారులో డెలివరీ అంటే సగం పని ఈ ఖాళీ ప్రయాణమే. బిల్లులో దాని ఊసే లేదు. టిప్పు పెట్టెలో 20 నొక్కిన వాడు రైడర్ పోయేదారికి దయ చూపించాననుకుంటాడు. వచ్చేదారి సంగతి అతనికి తెలిసే వీలే లేదు.

తుంకుంటలో ఒక బిర్యానీ సెంటర్ ముందు రాత్రి తొమ్మిది దాటాక నిలబడితే ఈ బతుకంతా ఒకే చోట కనిపిస్తుంది. పది పన్నెండు బళ్లు, సీట్ల మీద కాళ్లు చాపుకున్న కుర్రాళ్లు, లోపల కౌంటర్ దగ్గర ఆర్డర్ నంబర్ల చివరి నాలుగంకెల అరుపులు. ఒక కుర్రాడి ఫోను అద్దం పగిలి ఉంది. దాని మీద పారదర్శకమైన టేపు, టేపు మీద నూనె వేళ్ల మరకలు. సిద్దిపేట దిక్కు అబ్బాయి, డిగ్రీ అయింది, అల్వాల్‌లో ముగ్గురితో కలిసి గది. టిప్పుల గురించి అడిగితే నవ్వాడు.

“టిప్పు ముచ్చట ఇడిసిపెట్టుండ్రి సార్. ఇయ్యాల వస్తది, రేపు రాదు. దాన్ని నమ్ముకొని రూము కిరాయి కడతనా? ఖాళీగ వాపసొచ్చే పెట్రోలు పైసలు ఇప్పియ్యుండ్రి, సాలు. ఇంకోటి సార్, లొకేషన్ సరిగ్గ పెట్టమనుండ్రి పబ్లిక్‌ను. ఫేజ్ వన్ల పెట్టి ఫేజ్ త్రీకి రమ్మంటరు.”

ఇంతలో నంబరు పిలిచారు. సంచీ భుజాన వేసుకుని, ఫోనును హ్యాండిల్ క్లిప్పులో ఇరికించి, హెల్మెట్ చేతికి తగిలించుకునే వెళ్లిపోయాడు. తలకు పెట్టుకోలేదు. అరవబోయి ఊరుకున్నాను. ఆలస్యమైతే ఎవరి రేటింగ్ పోతుందో అతనికి నాకన్నా బాగా తెలుసు.

నాకు రెండు రకాల మనుషులతో పేచీ. మొదటివాళ్లు ‘ఆ ఉద్యోగానికి ఎవరు రమ్మన్నారు, చదువుకోవాల్సింది’ అనే రకం. వీళ్లతో వాదన అనవసరం. చదువుకున్నవాళ్లే ఆ బళ్ల మీద ఉన్నారని ఒక రాత్రి అక్కడ నిలబడితే తెలుస్తుంది. రెండోవాళ్లు నాకు దగ్గరివాళ్లు, మంచివాళ్లు, అందుకే ఎక్కువ కోపం. ‘మూడొందలు పెట్టి బిర్యానీ తింటావు, ముప్పై ఇస్తే ఏం పోయింది’ అంటారు. నాకేం పోదు. పోయేది వాడికి. ముప్పై రూపాయలు ఇవ్వగానే మీ గొంతులో ముల్లు దిగిపోతుంది చూశారా, అదే కంపెనీకి కావలసింది. ఆ ముల్లు అలాగే ఉంటే మీరు అడుగుతారు: ఇతనికి కూలి ఎంత, బీమా ఉందా, పడితే ఎవరు చూస్తారు అని. ముప్పైతో మీ ప్రశ్నలు కొనేశారు.

దొర గడీలో పండక్కి ఇచ్చే పాత పంచెనూ, పంటకాలంలో విదిలించే గింజల ఇనామునూ చూపించి ఏడాదంతా వెట్టి చేయించుకున్న నేల ఇది. ఇనాం ఇచ్చే దొర మంచి దొర అని చెప్పుకున్న తాతలు మనకూ ఉన్నారు. ఇనాములు పెంచమని అడగడానికి కాదు తెలంగాణ రైతాంగం సంఘాలు పెట్టింది. వెట్టినే రద్దు చేయమంది.

దాబాలో బేరర్‌కు ఇచ్చేదాన్ని నేను ఇందులో కలపను. శామీర్‌పేట చెరువు చూసి వస్తూ రోడ్డు పక్కన తిని, సోంపు గిన్నె కింద నోటు పెట్టేవాడికి ఆ బేరర్ ముఖం తెలుసు. రోటీ వేడిగా తెచ్చాడా, పిల్లలకు కారం తగ్గించి చెప్పాడా, అంతా కళ్ల ముందు జరిగింది. ఆ నోటు వాళ్లిద్దరి మధ్య విషయం. అక్కడ కూడా యజమాని బిల్లులో బలవంతంగా సర్వీస్ చార్జీ కలిపితే కుదరదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సంస్థ మాటే నిలబెట్టింది. అంటే ఇష్టంగా ఇచ్చేదాన్ని ఏర్పాటుగా మార్చకూడదన్న ఇంగితం మన చట్టానికి ఉంది. యాప్ తెరలో మాత్రం ఇచ్చే క్షణానికి ఇంకా మనిషే రాలేదు. అన్నం పొయ్యి మీదే ఉంటుంది, రైడర్ ఎవరో కేటాయించి ఉండరు, కృతజ్ఞత మాత్రం ముందే కట్టించుకుంటారు. దేనికి కృతజ్ఞత?

ఈ ముందస్తు కృతజ్ఞత ఇంకాస్త ముదిరితే ఏమవుతుందో క్యాబుల్లో, ఆటోల్లో చూస్తున్నాం. రాత్రిపూట మా వైపు రమ్మంటే యాప్ ముందే అడుగుతుంది: ఇంకో ముప్పై కలపండి, బండి దొరికే అవకాశం పెరుగుతుంది అని. అది టిప్పు ఎలా అవుతుంది, వేలంపాట గానీ! 2025 మే నెలలో కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి దీన్ని అనైతికమన్నాడు, వినియోగదారుల సంస్థ ఉబర్‌కు నోటీసిచ్చింది. మంచిదే. కానీ వేలంపాట ఎందుకు పుట్టిందో ఎవరూ అడగలేదు. శామీర్‌పేట దాకా వచ్చి ఖాళీగా తిరిగెళ్లాలంటే ఆ రేటు గిట్టదని డ్రైవర్‌కు తెలుసు, కంపెనీకీ తెలుసు. రేటు సరిచేస్తే కంపెనీ వాటా తగ్గుతుంది. అందుకని లోటును నా మీదికీ, నా తొందర మీదికీ తోశారు. ఎవరి ఇంట్లో జ్వరం ఉంటే వాడు యాభై కలుపుతాడు.

అమెరికాలో ఇస్తారు కదా అని మన ఎన్నారై బంధువులు అంటారు. డాలస్ నుంచి వచ్చి కొంపల్లిలో విల్లా కొనుక్కున్న మా బంధువొకాయన ఇక్కడ కూడా పద్దెనిమిది శాతం లెక్క కట్టి ఇస్తాడు, మెచ్చుకోవాలి. కానీ ఆ అలవాటు అక్కడ ఎలా పాతుకుపోయిందో ఆయనకు తెలియదు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, పుల్‌మన్ కంపెనీ తన రైలు పెట్టెల్లో నల్లజాతి మనుషులను పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం నామమాత్రం, మిగతాది ప్రయాణికుల బక్షీసు మీద బతకమంది. ఆ పోర్టర్లు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం పెట్టి, పన్నెండేళ్లు కొట్లాడి, 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. వాళ్లు అడిగింది జీతం. అయినా ఆ పాత జబ్బు ఆ దేశాన్ని వదల్లేదు. టిప్పు తీసుకునే పనివాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి ఇప్పటిదాకా ఆ అంకె కదల్లేదు. మిగతాది కస్టమర్ పోస్తాడు కదా అని ధీమా. ఎంఎస్ చేయడానికి వెళ్లి రెస్టారెంట్లలో ప్లేట్లు ఎత్తిన మన పిల్లలను అడగండి, ఆ ధీమా ఎవరి నడుం మీద నిలబడిందో చెప్తారు.

యాప్‌లు వచ్చాక కథ ఇంకా విప్పారింది. డోర్‌డాష్ అనే కంపెనీ రైడర్‌కు ఇస్తానన్న మొత్తంలోనే కస్టమర్ టిప్పును కలిపేసి, ఆ మేరకు తన వాటా తగ్గించుకుందని 2019లో రచ్చయింది. ఆ వ్యవహారంలో 2025లో న్యూయార్క్ రాష్ట్రంతో 1.675 కోట్ల డాలర్లకు రాజీపడింది. అమెజాన్ తన ఫ్లెక్స్ డెలివరీ డ్రైవర్ల టిప్పులు నొక్కేసిందన్న ఆరోపణ మీద 2021లో 6.17 కోట్ల డాలర్లు కట్టింది. న్యూయార్క్ నగరం 2023లో రైడర్లకు గంటకు దాదాపు 18 డాలర్ల కనీస చెల్లింపు పెట్టగానే కొన్ని యాప్‌లు ఏం చేశాయి? టిప్పు అడిగే పెట్టెను ఆర్డర్ పెట్టేచోటి నుంచి తీసేసి, డెలివరీ అయ్యాక ఎక్కడో మూలకు జరిపాయి. కూలి తాము ఇవ్వాల్సి వచ్చేసరికి మన కృతజ్ఞత మీద వాటికి మమకారం పోయింది. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన దగ్గర జరిగిందీ చూద్దాం. 2025 డిసెంబర్ 25న, మళ్లీ 31న తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్, యాప్ ఆధారిత రవాణా కార్మికుల జాతీయ సమాఖ్య కలిసి సమ్మె పిలిచాయి. పది నిమిషాల డెలివరీ ఆపాలి, రేట్లు సరిచేయాలి, కారణం చెప్పకుండా ఐడీలు బ్లాక్ చేయొద్దు. అడిగింది ఇవి. టిప్పులు పెంచమని ఎవరూ అడగలేదు, గమనించండి. 31 రాత్రి రద్దీ వేళల్లో ఆర్డర్‌కు 120 నుంచి 150 రూపాయల దాకా ఇస్తామని జొమాటో ఆశ పెట్టినట్టు పత్రికల్లో వచ్చింది. పండగ పూట ఏటా చేసేదే అని కంపెనీ జవాబు. సరే, ఏటా చేసేదే అనుకుందాం. మరి ఆ ఒక్క రాత్రి గిట్టుబాటైంది మిగతా రాత్రుల్లో అందులో సగమైనా ఎందుకు గిట్టదు? ఆ రాత్రి జొమాటో, బ్లింకిట్ కలిసి 75 లక్షలకు పైగా ఆర్డర్లు చేర్చామని, సమ్మె ప్రభావం లేదని గోయల్ చాటుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే, కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడాక, బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి పది నిమిషాల మాట తీసేసింది. ప్రభావం లేని సమ్మె అంటే అదన్నమాట. మనమంతా కలిసి ఇన్నేళ్లు ఇచ్చిన టిప్పులు ఆ పది నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా తగ్గించలేకపోయాయి.

గోయల్ వాదనలో ఒకటి మాత్రం పట్టించుకోదగింది. సగటు రైడర్ ఏడాదిలో 38 రోజులే పనిచేశాడు, 250 రోజులకు మించి చేసినవాళ్లు నూటికి 2.3 మందే, కనుక దీన్ని పూర్తికాల ఉద్యోగంలా చూడొద్దు అంటాడు. సగటు అలాగే చెప్తుంది, కాదనను. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో వారం రోజులు వడ్డనకు వచ్చినవాడికి, నువ్వు ఏడాదంతా రావు కదా అని కూలి తగ్గించి ఇస్తే క్యాటరింగ్ మేస్త్రీని చుట్టూ చేరి నిలదీస్తారు. పైగా రోజులు తక్కువ చేసేవాడికి సర్వీస్ రోడ్డు మీద లారీ తగిలితే, ఎముక తక్కువ విరుగుతుందా?

లారీ దాకా కూడా అక్కర్లేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన స్విగ్గీ కుర్రాడు, ఇంట్లోంచి కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబర్ 23న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లిలో గిగ్ కార్మికులను కలిసి, ఆ కుటుంబానికి రెండు లక్షల సాయం, గిగ్ కార్మికులందరికీ ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించాడు. ప్రభుత్వం ఇచ్చింది, బాగుంది. మరి ఎవరి డబ్బా మోస్తూ ఎవరి మెట్లెక్కి పడ్డాడో, వాళ్ల వంతు ఎంత అని చట్టంలో రాయడానికి ఇంకెన్నేళ్లు? పార్లమెంటు 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న గానీ అమల్లోకి రాలేదు. కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం నిధికి కట్టాలంటుంది. దానికీ ఒక మూత: కార్మికులకు చెల్లించే మొత్తంలో ఐదు శాతం దాటకూడదు. అందులో కనీస వేతనం మాట లేదు. రాజస్థాన్ 2023లోనే గిగ్ చట్టం చేసింది, కర్ణాటక 2025లో. మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా పెట్టింది, నవంబర్‌లో మంత్రివర్గం ఒప్పుకుంది. రిజిస్ట్రేషన్, సంక్షేమ నిధి, ఐడీ తీసేసే ముందు నోటీసు అన్నీ ఉన్నాయి. నల్సార్‌లో కార్మిక చట్టాలు పాఠం చెప్తారు. ఆ క్యాంపస్‌కు బిర్యానీ తెచ్చేవాడు ఏ చట్టం కింద కార్మికుడవుతాడో పరీక్షలో అడగదగిన ప్రశ్న.

కంపెనీలను తిట్టి కాలనీవాళ్లను వదిలేస్తే అన్యాయమవుతుంది. మా శివారు గేటెడ్ కమ్యూనిటీల గేటు దగ్గర కాసేపు నిలబడండి. బండి బయటే పెట్టాలి. రిజిస్టర్‌లో పేరు, ఫోను నంబరు, ఫ్లాట్ నంబరు రాయాలి. వాచ్‌మన్ ఇంటర్‌కమ్ చేస్తాడు, ఎవరూ ఎత్తరు. ఎత్తాక చివరి టవర్ దాకా నడక, అక్కడ మెయిన్ లిఫ్ట్ వద్దు, సర్వీస్ లిఫ్ట్‌లో పొమ్మని బోర్డు. మంచినీళ్లు, బాత్రూము అడిగితే మేనేజరును అడగాలి. ఇదంతా గంటకు నూట రెండు రూపాయల గడియారంలోంచే పోతోంది. ఆపైన తలుపు తీసి ‘చల్లారిపోయిందే’ అని మూతి ముడిచి, ఫోనులో ఇరవై నొక్కి ధర్మాత్ముడైపోతాం. అసోసియేషన్ మీటింగులో ఒక్క తీర్మానం చేస్తే, బండిని టవర్ దాకా రానిస్తే, ఒక్కో రైడర్‌కు మన టిప్పుకంటే ఎక్కువ కలిసొస్తుంది. పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు ఎవరికీ తట్టదు.

నేను ఇవ్వనా? ఇస్తాను. నోటు, చేతికి, మనిషి ముఖం చూసి. యాప్ పెట్టెలో మాత్రం వేయను. అక్కడ వేసింది ఒక అంకెగా మారి, మరుసటి ఏడాది రైడర్లు బాగానే ఉన్నారని చెప్పే పట్టికలో కూర్చుంటుంది.

నాకు కావలసింది ఆ బిల్లు మీదే ఉంది, అచ్చు కాలేదంతే. ప్లాట్‌ఫారం ఫీజు కింద రైడర్‌కు చెల్లింపు ఇంత అని ఒక పద్దు. పోయిన దూరం ఇంత, రావలసిన దూరం ఇంత, రెండింటికీ కలిపి ఇంత. అది కనిపించిననాడు మేడ్చల్‌లో ఆర్డర్ పెట్టే గృహిణి, జీనోమ్ వ్యాలీలో రాత్రి షిఫ్టు చేసే కెమిస్టు, మైసమ్మగూడ హాస్టల్ కుర్రాడు అందరూ చూస్తారు. మూడొందల బిర్యానీలో ఎవరి వాటా ఎంతో తెలిశాక ఎవరి మీద అరవాలో వాళ్లే తేల్చుకుంటారు. తెలంగాణ చట్టంలో ఈ ఒక్క వాక్యం ఉంటే మిగతా సగం పోరాటం కస్టమర్లే చేస్తారు. కంపెనీల జవాబు కూడా నాకు తెలుసు. రైడర్ రేటు వానను బట్టి, రద్దీని బట్టి, దూరాన్ని బట్టి నిమిషానికొక రకంగా మారుతుంది, అదెలా అచ్చువేస్తాం అంటారు. మా దగ్గర గుంజే వాన ఫీజు కూడా నిమిషానికొక రకంగానే మారుతుంది. దాన్ని పైసా పొల్లుపోకుండా అచ్చువేస్తూనే ఉన్నారు కదా.